ఎర్ర మందు రోజు

కరోనా వార్డు కోసం కొన్న ఇనప మంచాలు వెనక వరండాలో ఇంకా తుప్పు పడుతున్న ఏడాది, ఆషాఢంలో, నన్ను పట్నంలోని కేన్సర్ ఆసుపత్రి నుంచి అరకులోయ వైపు ఒక చిన్న ఆసుపత్రికి డిప్యుటేషన్ మీద పంపించారు. డిప్యుటేషన్ అంటే జీతం ఒకచోట, చాకిరీ ఇంకోచోట. ఆర్డరు కాగితం చేతిలో పెట్టిన క్లర్కు, కొండగాలి ఒంటికి మంచిదని నన్ను ఊరడించాడు. అంత మంచిదైతే మీరే వెళ్ళండి, మీ సీట్లో కూర్చుని నేను ఊరడిస్తాను అన్నాను. ఆయన నవ్వలేదు. నవ్వే క్లర్కును నా సర్వీసు మొత్తంలో చూడలేదు.

నా హోదా ఎం.ఎన్.ఓ. మేల్ నర్సింగ్ ఆర్డర్లీ అని దాని పూర్తి పేరు. డాక్టర్లు, వాళ్ళ కింద స్టాఫ్ నర్సులు, వాళ్ళ కింద టెక్నీషియన్లు, ఆ కింద మేము, మా కింద గచ్చు. స్ట్రెచర్ తొయ్యడం, రక్తం సీసాలు ల్యాబుకు మోయడం, స్టోరు నుంచి మందులు తేవడం, సెలైన్ అయిపోతే సిస్టర్ని కేకేయడం మా పని. చదువు ఏడో తరగతి. లెక్కల మాస్టారికీ నాకూ పడలేదు. ఆయనది పర్మనెంటు ఉద్యోగం కాబట్టి బడి నేనే వదిలేశాను.

కొండకు నన్నే ఎందుకు పంపారంటే, మా నాన్న శృంగవరపుకోట నుంచి ఉప్పు, ఎండుచేపలు తీసుకుని కొండ సంతలన్నీ తిరిగేవాడు. బడి మానేశాక నేనూ ఆయన వెనకే తిరిగాను. అక్కడి జనం మాట్లాడే ఒడియా కలిసిన భాష బేరాలాడుతూ పట్టుబడింది. ఆసుపత్రికి అలాంటి మనిషి కావలసి వచ్చాడు. అంతకుముందు కొండమీది కేన్సర్ రోగులు ప్రతి డోసుకూ కిరండోల్ రైలుబండి ఎక్కి పట్నం దిగాల్సి వచ్చేది. రెండు డోసులయ్యాక చాలామంది మానేసేవారు. అందుకని కొండమీదే ఒక డే కేర్ వార్డు పెట్టారు. డే కేర్ అంటే పొద్దున్న వచ్చి, మందు ఎక్కించుకుని, సాయంత్రం ఇంటికి పోవడం. కేన్సర్ డాక్టర్ శారద గారు వారానికోసారి పట్నం నుంచి కొండెక్కి వచ్చేవారు. మిగతా రోజుల్లో వార్డు గ్రేసమ్మ గారి చేతిలో ఉండేది. స్టాఫ్ నర్సు. ఆమె చేతికి దొరకని నరం ఈ మన్యంలో లేదు.

కీమో అంటే జనం భయపడతారు గానీ, వార్డులో దానికి ఒక క్రమం ఉంటుంది. మొదట రక్తపరీక్ష. కణాలు సరిపడా ఉన్నాయా, కాలేయం, మూత్రపిండాలు బాగున్నాయా అని చూస్తారు. అవి బాగుంటేనే డాక్టర్ సంతకం. సంతకం అయితేనే నేను స్టోరుకు వెళ్ళేది. వాంతులు రాకుండా ముందు ఒక ఇంజెక్షన్, ఆ తర్వాత అసలు మందు. రొమ్ము కేన్సర్‌కు మొదట ఇచ్చే మందు చూడ్డానికి సోడాబండి షర్బత్తులా ఎర్రగా ఉంటుంది. వెలుగు తగలకుండా దాని సంచికి నల్ల కాగితం చుడతాం. నరంలోంచి ఒక్క చుక్క పక్కకు జారినా కండ కాలిపోతుంది. అది ఎక్కుతున్నంతసేపూ గ్రేసమ్మ గారు మంచం పక్కనుంచి కదిలేవారు కాదు. మూడు వారాలకోసారి ఇస్తారు. డాక్టర్ గారు రాసే పొడుగాటి పేరు వార్డులో ఎవరికీ నోరు తిరిగేది కాదు. అందరం ఎర్ర మందు అనేవాళ్ళం.

రోగులను నవ్వించడం నా డ్యూటీ చార్టులో లేదు. కానీ భయపడ్డ మనిషికి నరం లోపలికి దాక్కుంటుంది, నవ్వుతున్న మనిషికి పైకి తేలుతుంది. గ్రేసమ్మ గారు సిరంజి పట్టుకున్నప్పుడల్లా నా వైపు చూసేవారు. నేను మొదలుపెట్టేవాణ్ణి. రేపు మీకు మూత్రం ఎర్రగా వస్తది, కంగారు పడి పక్కింటోళ్ళకి సూపించకండి, ఇది ఈ ఆసుపత్రి రంగు, ఇంకో ఆసుపత్రికెల్తే ఇంకో రంగిత్తారు అనేవాణ్ణి.

బుద్రి ఆ వర్షాకాలంలో వచ్చింది. లోయకు అవతల కొండవాలు ఊరు. నలభై దాటిన మనిషి. కాఫీ చెట్లు, వాటికి పాకించిన మిరియం తీగలు, కింద కాస్త చోడి, అంటే రాగి, చేను. ఎడమ రొమ్ములో గడ్డ గట్టిపడి, చర్మం నారింజ తొక్కలా అయి, చంకలో బిళ్ళలు కట్టాక తీసుకొచ్చారు. తెచ్చినవాడు భర్త గాసి. ఒక దుప్పటి, ఆనపబుర్ర నిండా అంబలి, బోలెడంత మౌనం, అవీ అతని సామాను.

డాక్టర్ గారు చూసి చెప్పింది నేనే వాళ్ళ మాటలోకి మార్చాను. గడ్డ ఇలా ఉండగా కత్తి పెట్టలేరు. ముందు మందుతో కరిగించాలి. కరిగితే రొమ్ము తీసేస్తారు, మనిషి దక్కే అవకాశం ఉంటుంది. కరగకపోతే ఆపరేషన్ లేదు. బుద్రి అంతా విని, కత్తి ఎప్పుడు పెడతారని ఒక్కటే అడిగింది. కత్తికి భయపడి పారిపోయేవాళ్ళను చూశాను. కత్తి కోసం అంత తొందరపడ్డ మనిషిని ఆమెనే చూశాను. అది తీసేస్తే మళ్ళీ కాఫీ పళ్ళు కోతకు పోవచ్చునని ఆమె లెక్క.

రెండు డోసులకు గడ్డ మెత్తబడింది. డాక్టర్ గారు చేత్తో నొక్కి చూసి, టేపుతో కొలిచి, గ్రేసమ్మ గారి వైపు తిరిగి తల ఊపారు. ఆ ఊపు విలువ వార్డులో పనిచేసినవాళ్ళకు తెలుస్తుంది. ఈలోగా బుద్రి జుట్టు ఊడిపోయింది. అక్కడి ఆడవాళ్ళు ముడి పక్కకు వేసి దాన్నిండా పిన్నులు గుచ్చుకుంటారు. ఆమె తలకు తువ్వాలు చుట్టి, ఆ పిన్నులు తువ్వాలుకే గుచ్చుకుని వచ్చింది.

"ఏటి బుద్రమ్మా, జుట్టే పోయింది, ఈ పిన్నులకింకేటి పని?" అన్నాను.

"సర్కారు ఉజ్జోగాలు బాబూ. పని నేకపోయినా ఉంటాయి" అంది.

గ్రేసమ్మ గారు నవ్వి సూది దించేశారు. ఆ రోజు నవ్వించింది నేను కాదు.

మూడో డోసు ముందు రక్తం తీస్తే కాలేయం అంకెలు పెరిగాయి. కళ్ళు పసుపు తిరిగాయి. ఎర్ర మందును ఒంట్లోంచి బయటికి పంపేది కాలేయమే. అది బాగాలేనప్పుడు మందిస్తే విషమైపోతుంది. సంతకం పడలేదు. మన్యంలో మొదటి అనుమానం మలేరియా మీద. అది కాదు. పచ్చకామెర్ల వైరస్ పరీక్షలు చేశారు. అవీ కావు. కడుపు స్కానులో తేడా లేదు. అప్పుడు డాక్టర్ గారు, ఇంకేమైనా మందు తీసుకుంటున్నావా అని బుద్రిని అడిగారు. పుస్తకంలో రాసి ఉన్న ప్రశ్నే. ప్రతి రోగినీ అడుగుతారు.

నేను దాన్ని కొండమాటలో విడమరిచి అడిగాను. పసరా, వేరా, చెక్కా, పొడా, జీలుగు కల్లేమైనా తాగావా అని. సంతలో బేరం చేసిన నోరు కదా, ఒక్కటీ వదల్లేదు.

"నేదు" అంది బుద్రి. గాసి ఆనపబుర్ర మూత సరిచేసుకుంటున్నాడు.

డోసు వాయిదా పడింది. రెండు వారాలకు కాలేయం దానంతటదే సర్దుకుంది. డోసు ఇచ్చారు. మళ్ళీ మూడు వారాలకు చూస్తే మళ్ళీ పసుపు.

ఇక్కడ డాక్టర్ల పద్ధతి కాస్త చెప్పాలి. ఒక మందు మీద అనుమానం వస్తే ఆపి చూస్తారు. ఆపితే తగ్గి, మళ్ళీ ఇస్తే పెరిగితే, దోషి అదే అని తేలినట్టు. ఎర్ర మందు ఆపారు, తగ్గింది. ఇచ్చారు, పెరిగింది. ఏడో తరగతి లెక్కలతో నాకే తేలిపోయింది. ఈ మనిషి కాలేయానికి ఈ మందు పడదని డాక్టర్ గారు నిర్ణయించి, మోతాదు సగం చేశారు. సగం మందుకు గడ్డ కరగడం ఆగింది. ఆ తర్వాతి వాయిదాలో మళ్ళీ గట్టిపడడం మొదలైంది. టేపు పెట్టి కొలిచినప్పుడు డాక్టర్ గారు ఈసారి తల ఊపలేదు.

ఆ సమయంలో పెద్ద వాన పట్టుకుంది. కొండచరియలు విరిగి ఘాట్ రోడ్డు మీద పడ్డాయి. టైడా స్టేషన్ దగ్గర పట్టాల మీదికి రాళ్ళు దొర్లి బండి కూడా ఆగిపోయింది. డాక్టర్ గారు కొండెక్కే దారి లేదు. ఆ వారం డోసులు పై వారానికి మారాయని రోగులకు చెప్పి రమ్మని నన్ను ఆసుపత్రి జీపులో పంపారు. ఫోన్లు చెయ్యొచ్చు కదా అంటారేమో. ఆ ఊళ్ళలో ఫోన్ల పని ఎక్కువగా పాటలు వినడం. సిగ్నల్ కావాలంటే కొండెక్కాలి.

బుద్రి ఇంటికి చేరేసరికి మిట్టమధ్యాహ్నం. అరుగు మీద ఒక ముసలాయన ఉన్నాడు. తలపాగా, మెడలో పూసలు, ముందు ఒక సానరాయి. బుద్రికి మేనమామ. పేరు బొంజుబాబు. ఆయన ఆ చుట్టుపక్కల ఊళ్ళకు దిసారి. దిసారి అంటే విత్తనం వేసే రోజు, పెళ్ళి రోజు, పండగ రోజు నిర్ణయించే పెద్ద. పంచాంగం ఆయన తలలోనే ఉంటుంది. జబ్బులకు మందు కూడా ఇస్తాడు. ఈ సంగతులన్నీ నాకు తెలుసు. ఆయన బుద్రికి మేనమామ అన్న సంగతే తెలియదు.

డోసు పై వారానికి మారిందని గాసికి చెబుతున్నాను. ముసలాయన రాయి మీద చెయ్యి ఆపేశాడు.

"రోజు మారినట్టు ముందుగా సెప్పొద్దేటి బాబూ? రేపటి కోసరం నాను నూరీసినాను. ఇప్పుడిదంతా పారబొయ్యాలి."

"ఏ రోజు తాతా?"

"ఇంకే రోజు? మీ ఎర్ర మందు రోజు."

నేను అరుగు మీద కూర్చున్నాను. కూర్చోమని ఎవరూ అనలేదు. ఏం నూరావు తాతా, ఎప్పట్నుంచి అని అడిగాను.

ఆయన దాచింది ఏమీ లేదు. అడిగిందల్లా చెప్పాడు. గడ్డ మొదట ఆయనకే చూపించారట. ఇది నా చేతిలోది కాదు, ఆసుపత్రికి పొండని పంపింది ఆయనే. మొదటి డోసు తర్వాత పిల్ల నీరసపడిపోయింది, అన్నం ముట్టలేదు, జుట్టు రాలింది. చూస్తూ ఊరుకోలేక వేరు తవ్వాడు. పెద్ద మందుకు, అంటే మా ఎర్ర మందుకు, ఎదురెళ్ళకూడదు, అందుకని వేరే రోజుల్లో ఇవ్వకూడదు అనుకున్నాడు. పెద్ద మందు ఒంట్లోకి దిగిన రోజున మొదలుపెట్టి, ఆకలి పుట్టేదాకా ఇచ్చి ఆపేసేవాడు. ఆసుపత్రివాళ్ళు డోసు వాయిదా వేస్తే తనూ వాయిదా వేసేవాడు. గాసి ప్రతిసారీ ఆసుపత్రి చెప్పిన తేదీ తెచ్చి ఆయనకు చెప్పేవాడు. రోజులు కట్టే మనిషి, ఒక్కసారి కూడా తప్పలేదు.

"రెండు మందులూ జోడెద్దుల్నాగ నడవాలి గదా బాబూ" అన్నాడు. "ఒకటి ముందు, ఒకటి ఎనక అయితే నాగలి వంకరైపోద్ది."

ఇలాంటి నాటుమందులు అందరిళ్ళలోనూ ఉంటాయి. చాలామంది రోగులు ఏదో ఒక పసరు రోజూ తాగుతూనే ఉంటారు. రోజూ తాగితే కాలేయం రోజూ చెడుతుంది. డోసు ఆపినా తగ్గదు. అప్పుడు డాక్టరుకు అనుమానం ఎర్ర మందు దాటి పక్కకు వెళుతుంది. బొంజుబాబు ఆసుపత్రిని లక్ష్యపెట్టని మనిషై ఉన్నా, తన ఇష్టం వచ్చిన రోజున ఇచ్చినా, ఎప్పుడో దొరికిపోయేవాడు. మమ్మల్ని గౌరవించి మా రోజునే పాటించాడు. అందువల్ల వేరు చేసిన పని ప్రతిసారీ మా మందు పేరు మీద పడింది.

బుద్రి లోపల్నుంచి అంతా వింటోంది. బయటికి రాలేదు. మరి నేను అడిగినప్పుడు లేదన్నదేమని కాస్త గట్టిగానే అన్నాను. గాసి ఆ రోజు మొదటిసారి పూర్తి వాక్యం మాట్లాడాడు.

"అదెలా సెప్తాది బాబూ? తినీవోళ్ళు సెప్పకూడదు."

రోడ్డు మలుపు దగ్గర సిగ్నల్ దొరికితే డాక్టర్ గారికి ఫోన్ చేశాను. అంతా విని, ఆయన్ని ఒకసారి ఆసుపత్రికి తీసుకురాగలవా కొండబాబూ అన్నారు. నన్ను అందరూ అప్పలకొండ అని పిలిస్తే ఆమె ఒక్కరే కొండబాబు అనేవారు. వెంటనే వేరు ఆపించమనీ, పారబోసింది పారబోయగా మిగిలిన ముక్క ఒకటి తెమ్మనీ చెప్పారు.

దారి బాగయ్యాక బొంజుబాబు సంత రోజున వచ్చాడు. ఆసుపత్రి గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, లోపలికి రాకుండా నిలబడ్డాడు. డాక్టర్ గారు లేచి వెళ్ళి తీసుకొచ్చి తన ఎదురుగా కుర్చీ వేయించారు. నా సర్వీసులో ఎందరో డాక్టర్లను చూశాను. నాటుమందు మాట వినగానే గొంతు పెంచేవాళ్ళే ఎక్కువ. శారద గారు గొంతు పెంచలేదు. అడవి మందులన్నీ చెడ్డవని కూడా అనలేదు. మన కాంపౌండులో పూసే బిళ్ళగన్నేరు నుంచే ఒక కేన్సర్ మందు తీస్తారనీ, ఎర్ర మందు తర్వాత బుద్రికి ఇవ్వాల్సిన మందు మొదట ఒక చెట్టు బెరడులోంచే వచ్చిందనీ చెప్పారు. అయితే అవి చుక్కల్లో కొలిచి ఇచ్చేవి. కొలత తెలియనిది ఇంకోదానితో కలిస్తే ఏమవుతుందో తనకు తెలియదు, ఎవరికీ తెలియదు. రెండు మందులకూ ఒంట్లోంచి పోయే గుమ్మం ఒకటే, అదే కాలేయం, రెండూ ఒకేసారి దూరితే గుమ్మం విరుగుతుంది అన్నారు. నేను కొండమాటలోకి మారుస్తున్నాను. గుమ్మం మాట దగ్గర ఆయన తల ఊపాడు.

"మందయ్యేదాకా ఇవ్వనమ్మా" అన్నాడు. "ముందుగా అడిగుంటే ముందుగానే ఆపీసేవోడిని."

"అడిగాను" అన్నారు డాక్టర్ గారు. "ఆమెను ప్రతిసారీ అడిగాను."

"దాన్నడిగితే అదేటి సెప్తాదమ్మా? మందు తినీవోళ్ళు మందు మాటెత్తకూడదు. ఎత్తితే మందు పోద్ది, మనిషి పోద్ది. ఇచ్చినోడు సెప్పొచ్చు. ఇచ్చినోడిని అడగాలి."

ఆ కొండల్లో అది చిన్నపిల్లలకు కూడా తెలిసిన నియమం. వేరు మింగినవాళ్ళు, ఆ వరస పూర్తయ్యేదాకా, దాని సంగతి ఎవరితోనూ అనరు. భర్తతోనైనా సరే. అబద్ధమాడడం కిందికి అది రాదు. ఉపవాసం రోజున అన్నం ముట్టకపోవడమంత మామూలు. పుస్తకంలోని ప్రశ్న సరైనదే. మేము దాన్ని ప్రతిసారీ నోరు మూసుకోవాల్సిన ఒకే ఒక్క మనిషిని అడిగాము. నోరు విప్పగలిగిన మనిషి సంతకు వచ్చి, ఆసుపత్రి ముందునుంచే ఇంటికి పోయేవాడు.

డాక్టర్ గారు ఆయనకు దండం పెట్టారు. ఆయనా పెట్టాడు. తప్పు నాదంటే నాదని ఎవరూ అనలేదు.

కాలేయం సర్దుకోగానే ఎర్ర మందు పూర్తి మోతాదులో మొదలుపెట్టారు. ఈసారి కళ్ళు పసుపు తిరగలేదు. గడ్డ కాస్త దిగింది. ఆపరేషన్ ముందు చేసే స్కాను కోసం పట్నం పంపించాం. నేనే వెంట వెళ్ళాను. బండిలో సొరంగం వచ్చినప్పుడల్లా బుద్రి కళ్ళు మూసుకుని, వెలుతురు రాగానే తెరిచేది. మీరు కళ్ళు మూసుకున్నా మూసుకోకపోయినా లోపల చీకటే కదమ్మా అన్నాను. రైలోడికి సగం పని నానే సేసి పెడతన్నాను అంది.

స్కానులో జబ్బు వెన్నెముకలోకి వెళ్ళినట్టు తేలింది.

అలా పాకాక రొమ్ము తీసేసి లాభం లేదు. డాక్టర్ గారు ఆ సంగతి కొండమీద, వార్డులో, మంచం పక్కన స్టూలు వేసుకుని చెప్పారు. మార్చాల్సింది నేను. కొండమాటలో అవసరం లేదు అనొచ్చు, లాభం లేదు అనొచ్చు. మొదటిది చెబితే బుద్రి సంతోషించేది. డాక్టర్ గారు అన్న మాట రెండోది. రెండోదే చెప్పాను.

కత్తి పెట్టరా అని ఆమె మళ్ళీ అడిగింది. పెట్టరన్నాను.

నా చొక్కా అంచు పట్టుకుని, "మావకి సెప్పకు బాబూ" అంది. "ఆడు నా కోసరం తిండి మానేసి తవ్వినాడు."

చెప్పనన్నాను. కానీ కొండల్లో కబురు నాకంటే ముందు నడుస్తుంది. తర్వాతి సంతలో బొంజుబాబు అల్లం కుప్పల అవతల నిలబడి నా కోసం చూస్తున్నాడు. దగ్గరికి వెళ్ళాను.

"నా ఏరే సేసిందా బాబూ?"

ఇదే ప్రశ్న నేను డాక్టర్ గారిని అంతకుముందే అడిగి ఉన్నాను. ఆమె చెప్పిన జవాబు యథాతథంగా చెప్పాను. వచ్చేసరికే జబ్బు పెద్దది. అన్ని డోసులూ సక్రమంగా పడినా ఇలాగే జరిగి ఉండొచ్చు. పడి ఉంటే కత్తి దాకా వెళ్ళి ఉండేదేమో కూడా. పోయిన వారాల్లో ఏది జరిగేదో ఎవరూ చెప్పలేరు. వేరు ముక్కను పరీక్షకు పంపారు, దాని ఫలితం నా దాకా రాలేదు.

ఆయన అంతా విన్నాడు. "ఆయమ్మ నిజం సెప్పింది" అన్నాడు. ఆ తర్వాత ఎవరి జబ్బుకూ మందు ఇవ్వలేదని, రోజులు కట్టడం మాత్రం చేస్తున్నాడని విన్నాను. అది నాకు బాధ అనిపించింది. ఆయన మందుల్లో జ్వరాలకీ, పుళ్ళకీ పనిచేసేవి ఉండే ఉంటాయి. అవీ ఆగిపోయాయి.

బుద్రి ఆ తర్వాత నొప్పి మాత్రల మీద కొన్నాళ్ళు ఉంది. మరుసటి ఏడాది కాఫీ పళ్ళు ఎర్రబడే కాలానికి పోయింది. ఆసుపత్రి తరఫున నేనూ, గ్రేసమ్మ గారూ వెళ్ళాం. గాసి మాకు అంబలి పోసి ఇచ్చాడు. గ్రేసమ్మ గారు నా వైపు చూడలేదు, నేనూ ఏమీ మొదలుపెట్టలేదు.

డే కేర్ వార్డులో ఆ తర్వాత పద్ధతి మార్చారు. మందులేమైనా తింటున్నావా అని రోగిని అడగడం మానలేదు. దాంతోపాటు, మీ ఊళ్ళో మందు ఇచ్చేదెవరు అని వెంట వచ్చినవాళ్ళను అడుగుతాం. మొదటి డోసుకు ముందే ఆ మనిషిని ఆసుపత్రికి పిలిచి కుర్చీ వేస్తాం. ఏమిస్తున్నాడో, ఏ రోజున ఇస్తున్నాడో ఆయన నోటి నుంచే వింటాం. పిలిస్తే రానివాళ్ళు తక్కువ. చాలామంది, ఇన్నాళ్ళూ ఎందుకు పిలవలేదని అడిగినవాళ్ళే. రిటైరయ్యేదాకా ఆ పిలుపుల పని నాదే. దిసారులు, మంత్రాలేసే గురువులు, ఒకరిద్దరు నాటువైద్యం చేసే పాస్టర్లు, అందరూ ఆ కుర్చీలో కూర్చున్నారు. ఇస్తున్నామని చెప్పారు, ఆపమంటే ఆపారు. అలా ఆపినవాళ్ళ రోగుల్లో కొందరు ఆపరేషన్ దాకా వెళ్ళి, ఇంటికి వెళ్ళి, ఇప్పుడు సంతలో కనిపిస్తే నన్ను గుర్తుపట్టకుండా బేరమాడుతున్నారు.

ప్రశ్న సరిగ్గా ఉంటే చాలదని, దానికి జవాబు చెప్పే వీలున్న మనిషి ముందు పెట్టాలని ఆ ఉదంతం మాకు నేర్పింది. నేర్చుకున్నాం. అది బుద్రికి పనికిరాలేదు.